కారవాన్ గేర్‌బాక్స్‌కూ ఒక చీటీ ఉండాలి

సంపాదకులకు,

సెలవులు దగ్గరపడితే చాలు, కారవాన్ యాత్రల మీద పత్రికల్లో వ్యాసాలు మొదలవుతాయి. బండిలో మంచాలెన్ని, ఫ్రిజ్ ఎంత పెద్దది, రోజుకు అద్దెంత, ఏలగిరి వెళ్లాలా అరకు వెళ్లాలా, అన్నీ రాస్తారు. బయల్దేరే ముందు చూసుకోవాల్సినవంటూ ఇంజిన్ ఆయిల్, కూలెంట్, టైర్లలో గాలి, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్ వరసగా చెబుతారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఊసు మాత్రం చాలా వ్యాసాల్లో కనబడదు. కనబడినా ‘గేర్ ఆయిల్ కూడా చూసుకోండి’ అన్న ముక్కతో సరి. ఎలా చూడాలో చెప్పకుండా చూసుకోమనడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. తప్పు పద్ధతిలో చూసి, తక్కువైందనుకుని అర లీటరు పోసేవాళ్లున్నారు. ఎక్కువైందనుకుని ఉన్నది తీసేసేవాళ్లూ ఉన్నారు. రెండింటివల్లా గేర్‌బాక్స్ పోతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది. ఆయిల్ ఎలా చూడాలో రాసిన చీటీ ఒకటి ప్రతి అద్దె కారవాన్‌లోనూ ఉండాలన్నదే మా మాట.

ముందు ఒక మాట. కారవాన్ గేర్‌బాక్స్ మీద పడే భారం మామూలు వ్యాను మీద పడేది కాదు. వ్యానులో జనం ఎక్కుతారు, దిగుతారు, ఖాళీగా కూడా తిరుగుతుంది. కారవాన్‌లో మంచాలు, అలమరలు, ఏసీ, బ్యాటరీలు, జనరేటర్ ఎప్పుడూ మోస్తూనే ఉండాలి. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే అదొక్కటే వంద కిలోలు. ఆ బరువుతో ఏలగిరి కొండదారి 14 మలుపులు గానీ ఏర్కాడు కొండదారి 20 మలుపులు గానీ ఎక్కితే ఆయిల్ ఎంత వేడెక్కుతుందో ఊహించుకోవచ్చు. దీనికి తోడు సీజన్ అయ్యాక నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉంటుంది. ఆయిల్ సీళ్లు ఎండిపోయేది అప్పుడే.

మన దేశంలో కారవాన్లు ఎక్కువగా టెంపో ట్రావెలర్ తరహా వ్యాన్ల మీద, పికప్‌ల మీద, బస్సు ఛాసిస్‌ల మీద కడతారు. వీటిలో చాలావాటికి చేత్తో వేసే గేర్లే. వీటికి ఇంజిన్‌కున్నట్టు ఆయిల్ కొలిచే పుల్ల ఉండదు. గేర్‌బాక్స్ పక్కన మధ్య ఎత్తులో లెవెల్ నట్టు ఒకటి, అడుగున డ్రైన్ నట్టు ఒకటి ఉంటాయి. బండిని సమమైన నేల మీద నాలుగు చక్రాలూ ఆనేలా నిలిపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి కనీసం పది నిమిషాలు ఆగి, లెవెల్ నట్టు విప్పాలి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచును తాకుతూ ఉండాలి. వేలు లోపలికి పెట్టి కిందికి వంచితే గోరు దగ్గర తడవాలి. ఒక పక్కే జాకీ ఎత్తి చూస్తే ఆ లెక్క పనికిరాదు. ఆయిల్ మార్చేటప్పుడు ఎప్పుడైనా సరే, ఆయిల్ పోసే పై నట్టు ముందు విప్పాకే డ్రైన్ నట్టు జోలికి వెళ్లాలి. ఆయిలంతా కార్చేశాక పై నట్టు పట్టేసి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. నట్టు కింద రాగి వాషర్ కొత్తది వేయాలి. పాతది మళ్లీ బిగిస్తే చెమ్మ తగులుతూనే ఉంటుంది.

ఈ గేర్‌బాక్స్‌లలో ఇంకో పొరపాటు మామూలైంది. ‘గేర్ ఆయిల్’ అనగానే వెనక ఇరుసు మధ్యనుండే క్రౌన్ హౌసింగ్‌లో పోసే జీఎల్-5 రకం ఆయిలే గేర్‌బాక్స్‌లోనూ పోస్తున్నారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. అవి క్రౌన్, పినియన్ పళ్లకు రక్షణే కానీ గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులను తినేస్తాయి. బండితో వచ్చే పుస్తకంలో, అంటే మాన్యువల్‌లో, జీఎల్-4 అని ఉంటే అదే పోయాలి. చిక్కదనం కూడా 80డబ్ల్యూ-90 అంటే అదే, 75డబ్ల్యూ-80 అంటే అదే. పొద్దున్నే రెండో గేరు గట్టిగా పడుతోందంటే చాలాసార్లు కారణం మరీ చిక్కటి ఆయిలే. ఏ గేరూ సరిగా పడటం లేదంటే గేర్‌బాక్స్ విప్పే ముందు క్లచ్ ఆయిల్ డబ్బా చూడండి. అది బ్రేక్ ఆయిల్ జాతిది, దీనితో సంబంధం లేదు, ఖర్చూ తక్కువ.

ఇక ఆటోమేటిక్ సంగతి. తకరారంతా ఇక్కడే ఉంది. ఇక్కడ పికప్‌ల మీద కట్టే కొన్ని కారవాన్లు ఆటోమేటిక్‌వి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునే మనవాళ్లకు దొరికేవీ దాదాపు అన్నీ ఆటోమేటిక్‌వే. వీటిలో ఆయిల్ గేర్లను తడపడం ఒక్కటే చేయదు. ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించేదీ, లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ, వేడిని కూలర్‌కు మోసుకెళ్లేదీ అదే. కాబట్టి అర లీటరు తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

పుల్ల ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ చూసే పద్ధతి ఇది. ముందు బండిని ఇరవై నుంచి ముప్పై నిమిషాలు మామూలుగా నడపాలి. ఆయిల్ సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌కు రావాలి. చెన్నై కోయంబేడు ట్రాఫిక్‌లో గంటసేపు ఆగుతూ కదులుతూ వచ్చినా, ఘాట్ ఎక్కి వచ్చినా అప్పటికప్పుడు చూడకూడదు. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఆగి కదిలే ట్రాఫిక్‌లో ఎక్కువగా జారుతుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. అరగంట చల్లారనిచ్చి చూడాలి. బండి సమంగా నిలవాలి. వంటగట్టు మీద చిన్న మట్టం గొట్టం పెట్టి చూస్తే చాలు, నిలువుకీ అడ్డానికీ రెండు వైపులా చూడాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. కాలు బ్రేకు మీదే ఉంచి, లీవర్‌ను ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు నిలుపుతూ అన్నింటిలోకీ తిప్పి తిరిగి పార్కుకు తేవాలి. కొన్ని గేర్‌బాక్స్‌లకు పార్కు కాదు, న్యూట్రల్. ఏదన్నది మాన్యువల్‌లోనో పుల్ల మీదో రాసి ఉంటుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆపకుండా, ఐడ్లింగ్‌లోనే, పుల్ల తీసి తుడిచి పూర్తిగా దించి మళ్లీ తీయాలి. తుడవడానికి బనియన్ వేస్ట్ వాడొద్దు. దాని నూలు పోగు ఒక్కటి గొట్టంలోకి దిగినా ఆయిల్‌ను ఎటు పంపాలో అటు మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. పోగులూడని తెల్ల గుడ్డ కావాలి, రంగు కూడా దాని మీదే తెలుస్తుంది. పుల్లకు రెండు వైపులా చూడాలి. గొట్టం గోడకు అంటిన ఆయిల్ ఒక వైపున ఎత్తుగా పూసుకుంటుంది, అది లెవెల్ కాదు. ఏ వైపు తక్కువ చూపిస్తే అదే నమ్మాలి. మూడుసార్లు చూస్తే రెండైనా ఒకేలా రావాలి. ఫ్యానుకూ బెల్టుకూ దగ్గరగా చేతులు పెట్టే పని కాబట్టి చున్నీ, వదులు చొక్కా, మెడ గొలుసు ఏదీ వేలాడకూడదు. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి ఈ పని చేయొద్దు, పొగలోని విషవాయువుకు వాసన కూడా ఉండదు.

వేడి మీదే చూడమనడం చాదస్తం కాదు. ఈ ఆయిల్ వేడికి వ్యాకోచిస్తుంది. లీటరుకు డిగ్రీకి దాదాపు 0.8 మిల్లీలీటర్లు వేసుకోండి. గేర్‌బాక్స్‌లో పది లీటర్లుంటే 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వచ్చేసరికి 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. పుల్ల మీద ‘పోయాలి’ గీతకూ ‘నిండుగా’ గీతకూ మధ్య ఉండేది చాలా గేర్‌బాక్స్‌లలో అర లీటరే. ఇంజిన్ పుల్ల మీదలా లీటరు కాదు. అంటే చల్లగా ఉన్నప్పుడు హాట్ గీత (వేడి మీద నిండుగా ఉండాల్సిన గీత) దాకా నింపితే రోడ్డెక్కాక అది దాదాపు అర లీటరు ఎక్కువే అన్నమాట. కోల్డ్ అని విడిగా గుర్తున్న పుల్లల్లో కూడా ఆ గుర్తు బండి తీయొచ్చా లేదా అన్న అంచనాకే. అసలు కొలత హాట్ గీత దగ్గరే.

ఇంజిన్ నడుస్తుండగానే చూడాలనడానికి ఇంకో కారణముంది. కారవాన్ యజమానులు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇదే. బండి కొన్ని వారాలు నిలిచిపోతే టార్క్ కన్వర్టర్‌లో ఉండాల్సిన ఆయిల్ మెల్లగా గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోకి దిగిపోతుంది. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పుల్ల తీస్తే లెవెల్ గీత దాటి ఎంతో పైన కనబడుతుంది. ‘ఎవరో ఎక్కువ పోశారు’ అనుకుని లాగేస్తే, ఇంజిన్ స్టార్ట్ కాగానే కన్వర్టర్ తన వాటా తాను తీసుకుంటుంది, పాన్ అడుగంటుతుంది. సీజన్ మొదట్లో అద్దె బండ్లకు ఇలాగే నష్టం జరుగుతుంది. అయితే ప్రతి బండికీ ఇదే నియమం అనుకోవద్దు. హోండా కార్లలో ఇంజిన్ ఆపాక నిమిషం, నిమిషంన్నర లోపు చూడమంటారు. సొంత కారు అలవాటుతో కారవాన్‌ను కొలవకూడదు, కారవాన్ అలవాటుతో కారునూ కొలవకూడదు.

తక్కువుంటే పుల్ల గొట్టంలోంచే పొడుగు గరాటుతో పోయాలి. ఒక్కసారికి పావు లీటరు, అంతకు మించొద్దు. పోసిన ఆయిల్ గొట్టం గోడలకు అంటుకుని ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు ఆగి, లీవర్ మళ్లీ అన్ని స్థానాల్లోకీ తిప్పి అప్పుడు చూడాలి. ఓపిక లేక మళ్లీ మళ్లీ పోసేసేది ఈ రెండు నిమిషాల్లోనే.

తక్కువైనా ఎక్కువైనా బయటికి కనబడే జబ్బు ఒకటే, అదే చిక్కు. తక్కువైతే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే పళ్ల చక్రాలు ఆయిల్‌లో మునిగి మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. రెండు చోట్లా నురగే. నురగను నొక్కితే నొక్కుకుపోతుంది, ఒత్తిడి నిలవదు. గేరు ఆలస్యంగా పడటం, ఇంజిన్ మాత్రం రెచ్చిపోయి బండి కదలకపోవడం, కుదుపుతో గేరు మారడం, చివరికి క్లచ్ ప్లేట్లు మాడటం, ఈ వరస రెండింటికీ ఒకటే. కాబట్టి ‘గేరు జారుతోంది, కొంచెం ఆయిల్ పోయండి’ అని లెవెల్ చూడకుండా పోయించే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

పెద్ద మోటార్‌హోమ్‌లలో, కొన్ని బస్సుల్లో ఆలిసన్ గేర్‌బాక్స్‌లు ఉంటాయి. చెన్నై శివార్లలోని ఒరగడంలో ఆ కంపెనీకి ఫ్యాక్టరీ కూడా ఉంది. వీటిలో ఆయిల్ లెవెల్ సెన్సర్ ఉన్నవాటికి బోనెట్ ఎత్తకుండానే చూడొచ్చు. బండి సమంగా నిలిపి, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో ఉంచి, బటన్ల ప్యానెల్ మీద పైబాణం, కిందిబాణం ఒకేసారి నొక్కాలి. ఆయిల్ స్థిరపడటానికి రెండు నిమిషాలు పడుతుంది. అంతవరకు తెర మీద ఎనిమిది నుంచి ఒకటి దాకా అంకెలు దిగుతుంటాయి. తరువాత ఓకే అని వస్తే సరిపోయినట్టు. ఎల్‌ఓ పక్కన 2 వస్తే రెండు క్వార్టులు తక్కువ, హెచ్‌ఐ పక్కన 1 వస్తే ఒక క్వార్టు ఎక్కువ. క్వార్టంటే దాదాపు 950 మిల్లీలీటర్లు. లీటరనుకుని పోస్తే పెద్ద నష్టం లేదు కానీ, 2 అన్న అంకెను తప్పు కోడ్ అనుకుని వదిలేస్తే నష్టమే. అడ్డగీతలతో 70 వస్తే ఆయిల్ ఇంకా చల్లగా ఉందని, 79 వస్తే మరీ వేడిగా ఉందని, 65 వస్తే న్యూట్రల్‌లో లేదని అర్థం. అవి గేర్‌బాక్స్ చెడిపోయిందన్న కోడ్‌లు కావు.

కొత్త బండ్లలో చాలావాటికి అసలు పుల్లే లేదు. పాన్ అడుగునో పక్కనో ఓవర్‌ఫ్లో నట్టు ఉంటుంది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, కంపెనీ చెప్పిన అంకె దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా ఆ నట్టు విప్పాలి. జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల రకానికైతే అది 30 నుంచి 50 డిగ్రీల మధ్య. సన్నటి ధారగా వచ్చి చుక్కలుగా మారగానే బిగిస్తే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. ఏమీ రాకపోతే తక్కువుంది, చుక్కలు పడేదాకా పోయాలి. ఇది రోడ్డు పక్కన చేసే పని కాదు. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తున లేచే లిఫ్టు కావాలి, లేదా గుంట ఉన్న షెడ్డు. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించి చూసి సరిపోయిందని బిగించేవాళ్ల దగ్గర బండి వదలొద్దు. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అన్న మాటా నమ్మొద్దు. తన గేర్‌బాక్స్‌లకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు గానీ ఎనిమిదేళ్లకు గానీ ఆయిల్ మార్చమని జెడ్ఎఫ్ కంపెనీయే చెబుతోంది. బరువు మోసే కారవాన్‌కు ఆ తక్కువ అంకెనే తీసుకోవడం మేలు.

మార్చేటప్పుడు డబ్బాలు లెక్కపెట్టి పోయడం ఇంకో పొరపాటు. మాన్యువల్‌లో రాసిన మొత్తం కొలత ఖాళీ గేర్‌బాక్స్‌ది. పాన్ దించితే కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉన్నది రాదు. మొత్తం పన్నెండు లీటర్లని రాసి ఉన్నచోట కిందికి వచ్చింది ఐదే అయితే పోయాల్సిందీ ఐదే. వచ్చింది కొలతపాత్రలో పట్టి, అంతే పోసి, ఆ తరువాత వేడి మీద లెవెల్ సరిచూడాలి. ఆయిల్ పేరు కూడా మాన్యువల్‌తో అక్షరం తప్పకుండా కలవాలి. మెర్కాన్ వి, మెర్కాన్ ఎల్‌వి వేరు వేరు. టయోటా టి-4, డబ్ల్యూఎస్ వేరు వేరు. అన్నీ ఎర్రగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి పోయడం కుదరదు. పవర్ స్టీరింగ్‌లో కూడా చాలా బండ్లకు ఎర్ర ఆయిలే పోస్తారు. కింద ఎర్ర చుక్క కనబడగానే గేర్‌బాక్స్ అనుకోక, రాత్రి బండి కింద అట్టముక్క పరచి చుక్క ఎక్కడ పడిందో చూడండి. ముందు రేడియేటర్ దగ్గరైతే కూలర్ గొట్టాలు, బండి మధ్యనైతే పాన్ గాస్కెట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో అయితే వెనక సీలు.

పుల్ల మీది రంగుకూ అర్థముంది. ఎరుపు కాస్త గోధుమకు తిరిగితే పాతబడిందని. నల్లబడి మాడిన వాసన వస్తే ప్లేట్లు అరిగాయని. అప్పుడు ఆయిల్ మార్చినంత మాత్రాన బాగుపడదు, విప్పి చూడాలి. రోజ్ మిల్క్ రంగులో ఉంటే మాత్రం ఇంజిన్ వెంటనే ఆపేయండి. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి కూలెంట్ కలిసిందన్నమాట. ఆ నీళ్లు ప్లేట్ల మీది పూతను అంటించిన జిగురును కరిగిస్తాయి. ఇంటిదాకా నడిపిద్దామనుకుంటే రేడియేటర్‌తో పోయేది గేర్‌బాక్స్ దాకా వస్తుంది. లాక్కెళ్లాల్సి వచ్చినా వెనక చక్రాలు నేల మీద ఆనించి లాగొద్దు. ఇంజిన్ ఆగితే పంపు తిరగదు, లోపల తడి ఉండదు. లారీ మీదికెక్కించాలి, లేదంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి.

చెన్నై వాళ్లకు వరద సంగతి వేరే చెప్పాలి. 2015 డిసెంబరు వరదలకు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. గేర్‌బాక్స్‌కూ క్రౌన్ హౌసింగ్‌కూ గాలి ఆడటానికి బ్రీదర్ ఉంటుంది. వేడి గేర్‌బాక్స్ నీళ్లలో మునిగి ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ గుండా నీళ్లు పీలుస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయిందని సంబరపడి బండి తీసుకుపోకుండా ముందు గేర్‌బాక్స్, క్రౌన్ ఆయిల్ రెండూ చూడాలి. గేర్ ఆయిల్ పాల టీ రంగులో ఉంటే మొత్తం తీసేయాలి. అదే బ్రీదర్ మట్టితోనో పెయింటుతోనో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీళ్లు కూడా కారుతాయి. సీలు మార్చిన నెలకే మళ్లీ కారుతోందంటే బ్రీదర్ చూడని పనే.

ఇక బాడీ కట్టేవాళ్లకు మా విన్నపం. పుల్ల గొట్టం మూతి అలమర వెనకో సీటు కిందో పడిపోకుండా, పానా లేకుండా చెయ్యి పెట్టేలా తలుపు ఉంచండి. ఇంజిన్ మూత లోపలికి తెరుచుకునే బండ్లలో ఆ మూత మీద సామాను బిగించొద్దు. వాడిన నీళ్ల ట్యాంకును గేర్‌బాక్స్ పాన్ కిందుగా వేలాడదీస్తే పాన్ దించడానికి ట్యాంకు విప్పాల్సి వస్తుంది. ఆ పనికి భయపడి ఎవరూ ఆయిల్ మార్చరు. జనరేటర్ పొగ గొట్టం కూలర్ గొట్టాల మీదికి ఊదకూడదు. బ్రీదర్ గొట్టం మడత పడకుండా పైకి తెచ్చి, అడుగుకు తుప్పు పూత కొట్టేటప్పుడు దాని మూతి కప్పండి.

అద్దెకిచ్చేవాళ్లు డ్రైవర్ సీటు పక్కన ప్లాస్టిక్ కవరులో ఒక చీటీ అంటించాలి. మీ పత్రిక యాత్రల పేజీలో ఆ నమూనా అచ్చువేస్తే అద్దెకు తీసుకునేవాళ్లు కూడా అడిగి చూసుకుంటారు. అందులో ఉండాల్సినవి: గేర్‌బాక్స్ ఏ రకం, చేతిదా, ఆటోమేటిక్‌దా, పుల్ల ఉందా లేదా, ఆయిల్ పూర్తి పేరు, చూడాల్సిన వేడి, ఇంజిన్ నడుస్తూ ఉండాలా ఆపాలా, లీవర్ పార్కులోనా న్యూట్రల్‌లోనా, రెండు గీతల మధ్య ఎంత పడుతుంది, చివరిసారి ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, వచ్చిందెంత, పోసిందెంత. చేత్తో గేర్లు వేసే బండైతే సగం గళ్లకు అడ్డగీత గీస్తే సరి. పెన్సిలుతో కాదు, చెరగని పెన్నుతో రాయండి, ఆయిల్ చేతులు తగిలే చోటది.

భవదీయులు,
గేర్‌బాక్స్ మెకానిక్‌లం,
చెన్నై